భూమీ కావాలి, న్యాయస్థానం తలుపూ తెరిచి ఉండాలి

(భూసంస్కరణలు, న్యాయసమీక్ష అనే అంశంపై జిల్లా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మాకు అప్పగించిన అంశం వినగానే ఇది వకీళ్ల వ్యవహారమనీ, మన ఇళ్లకూ పొలాలకూ దీనితో పని లేదనీ కొందరికి అనిపించవచ్చు. అందువల్ల ముందుగా రెండు మాటల అర్థం చెప్పుకుందాం. కొద్దిమంది చేతుల్లో పోగుపడిన భూమిని చట్టం ద్వారా తీసుకొని, దానిని దున్నేవారికి హక్కుగా అందించడం భూసంస్కరణ. శాసనసభ చేసిన చట్టమైనా, ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వైనా రాజ్యాంగానికి లోబడి ఉన్నదో లేదో పరిశీలించి, లోబడి లేనిదానిని కొట్టివేసే అధికారం న్యాయసమీక్ష. మొదటిది అన్నం పెట్టే మాట. రెండవది కాపాడే మాట. కానీ మన దేశ చరిత్రలో ఈ రెండూ పాతిక సంవత్సరాలకు పైగా ఒకదానితో ఒకటి తలపడ్డాయి. ఆ తగవులో ముస్లిం సమాజం ఏ పక్షాన నిలవాలి? భూమి కావలసిన పేదలం గనుక శాసనసభ పక్షమా? సంఖ్యలో తక్కువ వారం గనుక న్యాయస్థానం పక్షమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే మా ప్రసంగ ఉద్దేశం.

బందగీ గెలిచిన దావా

మన గడ్డ మీది ఒక రైతుతో మొదలుపెడదాం. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు ఉండేవాడు. తన భూమి కోసం ఆయన విసునూరు దేశ్‌ముఖ్ పలుకుబడిని ఎదిరించి కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి తిరిగి దావా గెలిచాడు. గెలిచినందుకు 1940లో ఆయనను చంపివేశారు. తెలంగాణ రైతాంగ పోరాటం ఆయనను తన తొలి అమరులలో ఒకరిగా తలచుకుంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన "మా భూమి" నాటకానికి ఆయన కథే ప్రేరణ. ఆయన సమాధి వద్ద నేటికీ అన్ని మతాల పేదలూ తల వంచుతారు.

బందగీ జీవితం నుంచి మనం తీసుకోవలసిన పాఠం ఒకటున్నది. ఆయన చేతిలో కోర్టు తీర్పు ఉన్నది. ఊరి మీద అధికారం మాత్రం దొర చేతిలో ఉన్నది. భూసంబంధాలు మారకుండా తీర్పు ఒక్కటే పేదవాణ్ణి కాపాడలేదు. కనుక దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక జమీందారీలను, జాగీర్లను రద్దు చేయడం కనికరంతో చేసిన పని కాదు, అది బందగీల వంటి వారికి తీర్చవలసిన బాకీ.

పదమూడు చట్టాలు, అందులో నాలుగు మనవి

ఆ బాకీ తీర్చబోయినప్పుడే మొదటి ఘర్షణ వచ్చింది. బీహార్ ప్రభుత్వం 1950లో భూసంస్కరణ చట్టం చేసింది. చిన్న జమీందారుకు ఎక్కువ రెట్లు, పెద్ద జమీందారుకు తక్కువ రెట్లు నష్టపరిహారం ఇవ్వాలన్నది అందులోని ఏర్పాటు. దర్భంగా మహారాజు కామేశ్వర్ సింగ్ పట్నా హైకోర్టుకు వెళ్లారు. ఇది సమానత్వ హక్కుకు విరుద్ధమని 1951 మార్చిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. వేల ఎకరాలున్న వారికీ, కొద్ది ఎకరాలున్న వారికీ ఒకే రేటు కట్టడం సమానత్వమట! సమానత్వం అనే మాటను సంపన్నుడు తన కోటగోడగా మార్చుకున్న సందర్భమది.

దానికి జవాబుగా పార్లమెంటు 1951 జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ చేసింది. 31ఏ, 31బీ అధికరణాలను, తొమ్మిదో షెడ్యూలును చేర్చింది. తొమ్మిదో షెడ్యూలులో పేరు నమోదైన చట్టాన్ని ప్రాథమిక హక్కులకు విరుద్ధమన్న కారణంతో ఏ న్యాయస్థానమూ కొట్టివేయరాదని నిబంధన. మొదట అందులో చేరినవి 13 చట్టాలు. వాటిలో నాలుగు తెలుగు నేలకు సంబంధించినవి. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, దాని సవరణ చట్టం రెండు. ఆనాడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆంధ్ర జిల్లాల జమీందారీలు వాటితో ముగిశాయి. హైదరాబాద్ జాగీర్ల రద్దు నిబంధన, జాగీర్ల పరిహారానికి సంబంధించిన నిబంధన మిగిలిన రెండు. ఫస్లీ 1358 నాటి జాగీర్ల రద్దు, అంటే 1949 ఆగస్టు నాటి శాసనం, మన ప్రసంగంలో మళ్లీ వస్తుంది. దయచేసి గుర్తుంచుకోండి.

జాగీర్ల రద్దు మన సమాజాన్ని రెండు రకాలుగా తాకింది. జాగీరు గ్రామాల్లో వెట్టి చేసిన రైతుకు, అతడు ఏ మతం వాడైనా, అది విముక్తి. హైదరాబాద్ దేవిడీలలో నౌకరీ చేసుకొని బ్రతికిన పేద ముస్లిం కుటుంబాలకు అది ఉన్న ఉపాధి పోవడం. జాగీర్దారుకు పరిహారం ముట్టింది. ఆయన వాకిట్లో పనిచేసిన వారికి ఏమీ ముట్టలేదు. ముస్లింల భూమి పోయిందని మాట్లాడేటప్పుడు ఏ ముస్లిం భూమి, ఏ ముస్లిం బ్రతుకు అని విడదీసి చూసే నిజాయితీ మనకుండాలి.

ఒక తెలుగు న్యాయమూర్తి, ఒక ముస్లిం న్యాయమూర్తి

తరువాతి ఘట్టం పంజాబ్‌లో జరిగింది. జలంధర్‌కు చెందిన గోలక్‌నాథ్ అనే క్రైస్తవ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి ఉండేది. 1953 నాటి పంజాబ్ చట్టం ప్రకారం ఒక్కొక్కరు 30 ఎకరాలు మాత్రమే ఉంచుకొని మిగిలినది వదులుకోవలసి వచ్చింది. ఆ చట్టం 1964లో 17వ సవరణ ద్వారా తొమ్మిదో షెడ్యూలులో చేరింది. వారు ఆ సవరణనే ప్రశ్నించారు. 1967 ఫిబ్రవరి 27న 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 6-5 తేడాతో తీర్పు చెప్పింది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నది. అయితే ఈ సూత్రం ఇకముందు చేసే సవరణలకే వర్తిస్తుందనీ, అంతవరకు జరిగిన భూసంస్కరణలు చెల్లుతాయనీ చెప్పింది. గోలక్‌నాథ్ వాదం గెలిచింది కానీ భూమి దక్కలేదు.

నాటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగువారు. తీర్పు చెప్పిన కొద్ది వారాలకే పదవి వదలి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. ఆ ఎన్నికలో గెలిచి దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి అయినవారు డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు.

మేము మీ దృష్టికి ముఖ్యంగా తేదలచినది మాత్రం ఆ ఆరుగురిలో ఒకరైన జస్టిస్ మొహమ్మద్ హిదాయతుల్లా గారి తీర్పు. తరువాతి సంవత్సరం ఆయనే దేశానికి తొలి ముస్లిం ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించరాదని ఆయన సుబ్బారావు గారితో ఏకీభవించారు. అయితే విడిగా రాసిన తన తీర్పులో, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల వరుసలో పెట్టడమే పొరపాటని కూడా అన్నారు. సోదరులారా, మనం వెదుకుతున్న సమాధానం ఈ రెండు మాటల కలయికలో ఉన్నది. ఆరాధనా స్వేచ్ఛ, సమానత్వం, ప్రాణరక్షణ మెజారిటీ చేతికి అందని ఎత్తులో ఉండాలి. వందల ఎకరాల కమతానికి ఆ ఎత్తులో చోటు ఉండనవసరం లేదు. మనిషి హక్కునూ, ఆస్తి హక్కునూ ఒకే తక్కెడలో వేసినందువల్లనే అంత పెద్ద తగవు పుట్టింది.

మఠం భూమి నుంచి పుట్టిన రక్షణ

మూడవ ఘట్టం కేరళలో ఉన్నది. కాసరగోడు సమీపంలోని ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి స్వామి 1970 మార్చిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేరళ భూసంస్కరణ చట్టం వల్ల మఠం భూములు పోతున్నాయనీ, ఆస్తి హక్కుతో పాటు మత స్వేచ్ఛ, మత సంస్థల నిర్వహణ హక్కు కూడా భంగపడుతున్నాయనీ ఆయన వాదం. మన వక్ఫ్ సంస్థలు నేడు ఆశ్రయిస్తున్న 25, 26 అధికరణాలనే ఆనాడు ఒక హిందూ మఠం ఆశ్రయించింది.

ఈలోగా పార్లమెంటు 24, 25 సవరణలతో తన అధికారాన్ని తిరిగి విస్తరించుకుంది. 29వ సవరణతో కేరళ చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో చేర్చింది. 13 మంది న్యాయమూర్తులు 68 రోజులు వాదనలు విన్నారు. 1973 ఏప్రిల్ 24న 7-6 తేడాతో తీర్పు వెలువడింది. రాజ్యాంగంలోని ఏ భాగాన్నైనా పార్లమెంటు సవరించవచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెరపరాదు అన్నది దాని సారాంశం. 29వ సవరణను కోర్టు సమర్థించింది. స్వామివారికి కావలసిన ఊరట దొరకలేదు. దేశానికి మాత్రం ఒక రక్షణ దొరికింది.

ఆ రక్షణ విలువ రెండేళ్లలోనే తెలిసివచ్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975లో 39వ సవరణ ద్వారా, విచారణ లేకుండా మనుషులను నిర్బంధించే "మీసా" చట్టాన్ని తొమ్మిదో షెడ్యూలులో చేర్చారు. పేద రైతు కోసం కట్టిన గోడ వెనుక జైలు చట్టాన్ని దాచారు. ప్రతిపక్ష నాయకులు ఎందరో ఆ చట్టం కింద జైలుపాలయ్యారు. జమాఅతె ఇస్లామీ హింద్‌తో సహా పలు సంస్థలు ఆ ఏడాదే నిషేధానికి గురయ్యాయి. 1978లో 44వ సవరణ వచ్చిన తరువాత గానీ మీసా ఆ షెడ్యూలు నుంచి తొలగిపోలేదు. న్యాయసమీక్ష లేని అధికారాన్ని మంచి పనికోసం ఇచ్చినా, అది మంచి పని దగ్గర ఆగదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నేడు తొమ్మిదో షెడ్యూలులో 284 చట్టాలున్నాయి. వాటిలో భూమితో సంబంధం లేనివీ ఉన్నాయి.

1980లో వామన్‌రావు కేసులో సుప్రీంకోర్టు 1973 ఏప్రిల్ 24ను హద్దుగా గీసింది. ఆ తేదీకి ముందు షెడ్యూలులో చేరిన చట్టాలు భద్రం. తరువాత చేరినవి మౌలిక స్వరూప పరీక్షకు నిలవాలి. 2007 జనవరి 11న ఐ.ఆర్. కొయిలో కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ సూత్రాన్ని స్థిరపరచారు. న్యాయసమీక్ష, సమానత్వం, జీవన హక్కు వంటివాటి సారాన్ని దెబ్బతీసే చట్టానికి తొమ్మిదో షెడ్యూలు ఆశ్రయమివ్వదన్నారు. అటు 1994లో బొమ్మై కేసులో లౌకికత్వం మౌలిక స్వరూపంలో భాగమని అదే న్యాయస్థానం చెప్పింది. భూస్వాముల దావాలతో మొదలైన తగవు చివరికి మైనారిటీకి తలదాచుకునే చూరు అయింది.

ఈ సిద్ధాంతం వల్ల భూసంస్కరణలు ఆగిపోయాయా? లేదు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1973 నాటి భూగరిష్ఠ పరిమితి చట్టం ఒక కుటుంబానికి మాగాణి అయితే నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు అని హద్దు పెట్టింది. 1974లో 34వ సవరణ ద్వారా తొమ్మిదో షెడ్యూలులో చేరింది, అంటే ఆ హద్దు తేదీ తరువాత. అయినా 1980లో తుమాటి వెంకయ్య కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. మిగులు భూమి పేదలకు చేరవలసినంత చేరలేదంటే దానికి కారణం న్యాయసమీక్ష కాదు. ముందే జరిగిన బినామీ బదిలీలు, తప్పుడు డిక్లరేషన్లు, అమలులో చిత్తశుద్ధి లోపం. కాగితం మీద మిగిలిన పట్టా, మరొకరి సాగులో ఉన్న భూమి ఏమిటో మన గ్రామాల పేదలకు వేరే చెప్పనవసరం లేదు.

పొరుగు దేశం నేర్పే హెచ్చరిక

న్యాయసమీక్ష ఎల్లవేళలా పేదవాడి పక్షానే ఉంటుందని కూడా మేము చెప్పడం లేదు. పాకిస్తాన్‌లో 1972లో సైనిక శాసన నిబంధనగా, 1977లో చట్టంగా భూగరిష్ఠ పరిమితులు వచ్చాయి. 1977 చట్టం నీటి వసతి ఉన్న భూమికి 100 ఎకరాలు హద్దు పెట్టింది. దానిని ప్రశ్నించినది ఒక వక్ఫ్, లాహోరుకు చెందిన ఖిజిల్‌బాష్ వక్ఫ్. 1989 ఆగస్టు 10న సుప్రీంకోర్టు షరీఅత్ అప్పిలేట్ బెంచి 3-2 తేడాతో తీర్పు చెబుతూ, భూస్వామి నుంచి భూమిని ఇలా తీసుకోవడం ఇస్లాంకు విరుద్ధమన్నది. 1990 మార్చి 23 నుంచి ఆ పరిమితులు చెల్లకుండా పోయాయి. సింధ్, పంజాబ్‌ల మహా కమతాలకు ధర్మం పేరిట రక్షణ దొరికింది.

ఆ ధర్మాసనంలోనే ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారని మరచిపోకూడదు. ఉలమాలలోనూ ఈ విషయంపై ఒకే అభిప్రాయం లేదు. సక్రమంగా సంపాదించిన ఆస్తిని అన్యాయంగా లాక్కోరాదన్నది ధర్మమే. హజ్రత్ ఉమర్ (రజి) ఇరాక్ జయించిన తరువాత సవాద్ భూములను సైనికులకు పంచి ఇవ్వడానికి నిరాకరించి, సాగుదారుల చేతిలోనే ఉంచి, రాబోయే తరాలన్నింటికీ వాటి ఫలం అందేలా చేశారన్నదీ మన చరిత్రే. పంచమని అడిగిన వారు సామాన్యులు కారు, గౌరవనీయ సహచరులు. అయినా ఆయన సంప్రదింపులు జరిపి, కారణం చెప్పి, సమాజ హితాన్ని ఎంచుకున్నారు. సంపన్నుడు తన కమతాన్ని కాపాడుకోవడానికి ధర్మాన్ని సాక్షిగా పిలిచినప్పుడు, ఆ చరిత్రను కూడా సాక్షిగా పిలిచే ధైర్యం మనకుండాలి.

మన ఊళ్లలో అసలు ప్రశ్న

ఇక మన గడపకు వద్దాం. మన రెండు రాష్ట్రాల్లో భూసంస్కరణ చట్టాలు ముస్లిం సమాజాన్ని అన్నిటికంటే ఎక్కువగా తాకినది ఇనాం భూముల దగ్గర. మసీదుకు, దర్గాకు, ఆషూర్‌ఖానాకు, ఖబరస్తాన్‌కు సేవ చేసేందుకు ఇచ్చిన భూములవి. ఇనాములు, జాగీర్లు రద్దయినప్పుడు ఆ భూమి ఎవరిదైంది? సేవ చేసిన కుటుంబానిదా? సంస్థదా? ప్రభుత్వానిదా? ఈ ప్రశ్న మీద రెండు తీర్పులు మనకు తెలిసి ఉండాలి.

మొదటిది 1998లో సయ్యద్ అలీ కేసు. ఒకసారి వక్ఫ్ అయిన ఆస్తి ఎప్పటికీ వక్ఫేనని, ఇనాంల రద్దు చట్టం కింద ఎవరికో పట్టా ఇచ్చినంత మాత్రాన అంతకు ముందే జరిగిన అంకితం రద్దు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. వక్ఫ్ భూములకు ఇది గట్టి ఆధారం.

రెండవది 2022 ఫిబ్రవరి 7న వచ్చిన మణికొండ తీర్పు. హైదరాబాద్ శివారులోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని వక్ఫ్ బోర్డు చెప్పిన 1654 ఎకరాల 32 గుంటలు ప్రభుత్వానివేనని సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ నిర్ణాయకమైనవి రెండు. ఒకటి, ఆ భూమి జాగీరు అనీ, 1949లో జాగీర్ల రద్దుతో ప్రభుత్వపరమైందనీ కోర్టు నిర్ధారించింది. మేము గుర్తుంచుకోమన్న శాసనం ఇదే. రెండు, 1989లో వచ్చిన వక్ఫ్ గెజిట్‌లో ఇంత విస్తీర్ణం లేదు. 2006లో "తప్పొప్పుల సవరణ" పేరిట దానిని చేర్చారు. చట్టం కోరే సర్వే, విచారణ లేకుండా చేసిన ఆ చేర్పు చెల్లదన్నది కోర్టు.

ఈ తీర్పుతో ఏకీభవించని వారు మనలో ఎందరో ఉన్నారు. ఆ అసమ్మతికి కారణాలూ ఉన్నాయి. అయినా, మన ప్రక్రియ సక్రమంగా ఉండి ఉంటే ఎదుటివారికి దొరికే ఆయుధాలలో కనీసం ఒకటి తగ్గేది కాదా? ప్రభుత్వం చట్టప్రకారం నడవాలని కోర్టులో అడిగే మనం, మన బోర్డులూ ముతవల్లీలూ చట్టప్రకారం నడుస్తున్నారా అని ఇంట్లోనూ అడగాలి. న్యాయసమీక్ష రెండు వైపులా కోసే కత్తి.

2006 నాటి సచార్ కమిటీ దేశంలో 4.9 లక్షలకు పైగా నమోదైన వక్ఫ్‌లు, సుమారు 6 లక్షల ఎకరాల భూమి ఉన్నదని లెక్క చెప్పి, దానిమీద వచ్చే ఆదాయం ఎంత స్వల్పమో కూడా చూపింది. ఆ భూములలో కొన్నింటిని ప్రభుత్వ సంస్థలే ఆక్రమించుకున్నాయని చెప్పింది. మనవారే నామమాత్రపు కిరాయికి అప్పగించినవి ఎన్నో ఉన్నాయని మనకు తెలుసు.

2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. దానిపై దాఖలైన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. చట్టం మొత్తాన్ని నిలిపివేయలేదు. కానీ వక్ఫ్ ఆస్తి ప్రభుత్వానిదా అన్న వివాదాన్ని ప్రభుత్వ అధికారే తేల్చి, రికార్డులు మార్చే ఏర్పాటును నిలిపివేసింది. ఆస్తి ఎవరిదో నిర్ణయించే పని కార్యనిర్వాహక వర్గానిది కాదన్నది అందుకు చెప్పిన కారణం. కక్షిదారే న్యాయమూర్తి కారాదన్న ఆ చిన్న సూత్రం మన ఖబరస్తాన్‌కూ, పక్క గూడెంలోని అసైన్డ్ భూమికీ సమానంగా అక్కరకు వస్తుంది. తుది తీర్పు ఇంకా రావలసి ఉన్నది.

మనం చేయవలసినవి

సిద్ధాంతాలు విని ఇంటికి వెళ్లిపోతే ఈ సదస్సుకు ప్రయోజనం లేదు. కనుక నాలుగు పనులు విన్నవించుకుంటున్నాం.

మొదటిది కాగితం. గ్రామాల్లో మాకు తరచు వినిపించే మాట "అందరికీ తెలుసు, అది మసీదు భూమే" అని. అందరికీ తెలిసినది కోర్టుకు తెలియదు. తెలంగాణలో సేత్వార్, ఖాస్రా పహాణీ, ముంతఖబ్, ఆంధ్ర ప్రాంతంలో ఇనాం ఫెయిర్ రిజిస్టరు, అడంగల్, వీటితో పాటు వక్ఫ్ గెజిట్ ప్రతులు సంపాదించి, సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకోవాలి. తేడా ఉంటే ఇప్పుడే, విచారణ ద్వారా, సక్రమంగా సరిచేయించుకోవాలి. ముంతఖబ్ ఉర్దూలోనో ఫార్సీలోనో ఉంటుంది. వాటిని చదవగల పెద్దలు మన మధ్య ఉండగానే యువకులు పక్కన కూర్చొని తెలుగులో రాసిపెట్టుకోవాలి.

రెండవది మన పేదరైతు హక్కు. హైదరాబాద్ కౌలుదారీ చట్టం, 1950 కింద రక్షిత కౌలుదారుగా నమోదైన కుటుంబాలకు 38ఇ సెక్షన్ ద్వారా యాజమాన్య హక్కు దక్కే ఏర్పాటున్నది. తాతల పేర కౌలు రికార్డులు ఉన్నాయేమో వెదకండి. అలాగే 31ఏ అధికరణంలో 17వ సవరణ చేర్చిన ఒక నిబంధన ఉన్నది. గరిష్ఠ పరిమితికి లోబడి సొంతంగా సాగు చేసుకుంటున్న భూమిని భూసంస్కరణ పేరిట తీసుకోవాలంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. చిన్న రైతుకు రాజ్యాంగమే ఇచ్చిన హామీ ఇది.

మూడవది విద్యాసంస్థలు. 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగించి 300ఏ అధికరణంగా మార్చింది. అదే సవరణ 30(1ఏ)ను చేర్చి, మైనారిటీ విద్యాసంస్థ ఆస్తిని తీసుకునేటప్పుడు ఇచ్చే పరిహారం ఆ సంస్థ నడుపుకునే హక్కును హరించేలా ఉండరాదన్నది. మన మదర్సాల, పాఠశాలల కమిటీలు దీనిని తెలుసుకొని ఉండాలి.

నాలుగవది మనసుకు సంబంధించినది. వక్ఫ్ భూమిని దున్నుతున్న కౌలురైతు చాలా చోట్ల మనవంటి పేదవాడే, ముస్లిమో దళితుడో వెనుకబడిన కులంవాడో. ఆక్రమణదారుతో అతణ్ణి ఒకే గాటన కట్టకండి. ఎకరాలకు ఎకరాలు మింగిన వారి మీద మౌనం, రెండెకరాల కౌలుదారు మీద నోటీసు, ఇది వక్ఫ్ రక్షణ కాదు. న్యాయమైన కౌలు, రాతపూర్వక ఒప్పందం, సకాలంలో చెల్లింపు ఉంటే సంస్థా బ్రతుకుతుంది, రైతూ బ్రతుకుతాడు. ఇతరుల భూస్వామ్యాన్ని ప్రశ్నించే నైతిక అర్హత మనకు అప్పుడే ఉంటుంది.

మొదట అడిగిన ప్రశ్నకు తిరిగి వద్దాం. మనం ఎవరి పక్షం? చట్టసభకు భూమిని పంచే శక్తి ఉండాలి. ఆ శక్తి హద్దు మీరినప్పుడు ఆపే న్యాయస్థానమూ ఉండాలి. మొదటిది లేకపోతే బందగీ గతి పడుతుంది, తీర్పు చేతిలో ఉండి ప్రాణం పోతుంది. రెండవది లేకపోతే మీసా కాలం వస్తుంది, ప్రాణం ఉండి తలుపు తట్టడానికి చోటుండదు. ఒకదాని కోసం మరొకదానిని వదులుకోమని ఎవరు చెప్పినా, వారు మన ఎడమ చేతిని కాపాడతామని కుడి చేతిని అడుగుతున్నట్టే.

భూమి అల్లాహ్‌ది. మనం దానిమీద కొద్దికాలపు అమానతుదారులం. ఆ అమానతును న్యాయంగా నిర్వహించే వివేకాన్ని, న్యాయం కోసం నిలబడే స్థైర్యాన్ని, మన పక్షాన ఉన్న తప్పును కూడా ఒప్పుకునే ధైర్యాన్ని ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

సెలవు. వస్సలాం.